నల్ల నేరం అంటే మంచి వేళే

ప్రశ్న: నమస్తే అమ్మా. మేం చెన్నై కొళత్తూరులో అద్దెకి ఉంటున్నాం. పెరుంబాక్కంలో ఫ్లాట్ కొనుక్కున్నాం. శ్రావణంలో గృహప్రవేశం. మా అత్తగారు ఒంగోలులో వాళ్ల పురోహితుడి చేత ముహూర్తం పెట్టించి పంపారు, సోమవారం ఉదయం 7.50కి. ఆ మాట ఎదురింటి మామితో అన్నానో లేదో, "ఏడున్నర నుంచి తొమ్మిది రాహుకాలం కదమ్మా, ఆ టైములో ఎవరైనా పాలు పొంగిస్తారా?" అన్నారు. అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఫోన్‌లో యాప్ ఒకటి చెబుతోంది, గోడమీది తమిళ క్యాలెండర్ ఇంకొకటి, అత్తగారి పంచాంగం మరొకటి. ఇది చాలదన్నట్టు మా మామగారి తద్దినం గొడవ. ఆయన ఏడేళ్ల కిందట కార్తీక మాసంలో రాత్రి 2.40కి పోయారు. ఆ రోజు పంచాంగంలో 'సప్తమి రా.10.15' అని ఉంది. అందుకని ఇన్నాళ్లూ బహుళ సప్తమికే పెడుతున్నాం. యాప్‌లో చూస్తే అష్టమి అంటోంది. మావారికి ఇవేవీ పట్టవు. "ఆదివారం పెట్టుకుంటే అందరికీ సెలవు" అంటారు. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం:

తల్లీ, ముందు నా సంగతి ఒకటి చెబుతాను, మీకు కాస్త ధైర్యం వస్తుంది. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు తమిళం ముక్క రాదు. వంటింటి గోడకి రోజుకో కాయితం చింపే క్యాలెండర్ ఉండేది. పక్కింటి పిల్ల దగ్గర కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకుంటూ, మొట్టమొదట చదివింది ఆ కాయితమే. అందులో రోజూ పొద్దునొకటి, సాయంత్రమొకటి రెండు టైములు వేసి పైన 'నల్ల నేరం' అని ఉండేది. నల్ల, నేరం. తెలుగువాళ్లకి అందులో ఒక్క మంచి మాటైనా వినిపిస్తుందా? ఇదేదో వర్జ్యం కన్నా ఘోరమైనది కాబోలనుకుని, నెల రోజులు ఆ గంటల్లో గడప దాటలేదు. కూరల బండి ఆ టైముకే వచ్చేది. పిలిచినా పలికేదాన్ని కాదు. చివరికి మా అత్తగారు పట్టుకుని అడిగితే విషయం బయటపడింది. తమిళంలో 'నల్ల' అంటే మంచి, 'నేరం' అంటే సమయం. నెల రోజుల పాటు మంచి గంటలన్నీ వెతికి వెతికి వదిలేసుకున్నానన్నమాట. నాకేమీ కాలేదు. కూరలు మాత్రం వడలినవి దొరికాయి.

మీ గొడవ కూడా సగం ఇలాంటిదే. మీ ముందున్న మూడు పంచాంగాలూ ఒకదాన్నొకటి కాదనడం లేదు. మూడు రకాల కొలతలు చెబుతున్నాయి. వాటిని విడదీసుకుంటే చాలు.

మొదటిది చంద్రుడి కొలత. తిథి అంటే 'రోజు' కాదు, సూర్యుడికీ చంద్రుడికీ మధ్య ఉన్న దూరం. అమావాస్య నాడు ఇద్దరూ ఒకచోట ఉంటారు. చంద్రుడు సూర్యుణ్ణి దాటి 12 డిగ్రీలు ముందుకు పోయేదాకా పాడ్యమి, 24 దాకా విదియ, అలా 180కి పున్నమి. నక్షత్రం కూడా ఇలాంటి లెక్కే. ఆకాశాన్ని 27 భాగాలు చేస్తే చంద్రుడు ఏ భాగంలో ఉన్నాడన్నదే ఆనాటి నక్షత్రం. చంద్రుడు ఒకే వేగంతో నడవడు. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు పరుగెడతాడు, దూరంగా ఉన్నప్పుడు నింపాదిగా పోతాడు. అందుకే ఒక తిథి ఇరవై గంటల్లోనే అయిపోతుంది, ఇంకోటి దాదాపు ఇరవై ఏడు గంటలు సాగుతుంది. మనకి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ కొలతకి ఊరితో పనిలేదు. సప్తమి అయిపోయిందంటే ఒంగోలులోనూ, చెన్నైలోనూ, మీ బంధువులు ఎవరైనా అమెరికాలో ఉంటే అక్కడా అదే క్షణంలో అయిపోతుంది. గడియారాలు వేరుగా చూపిస్తాయి, అంతే.

రెండోది సూర్యోదయం. ఇది ఊరిని బట్టి మారుతుంది. మన వారం అర్ధరాత్రి మారదు, సూర్యోదయంతో మారుతుంది. దుర్ముహూర్తం, రాహుకాలం, అభిజిత్తు (నడి మధ్యాహ్నపు మంచి వేళ) ఇవన్నీ పగటిని ముక్కలు చేస్తే వచ్చేవి. పగలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా ముక్కలు ఎలా చేస్తాం?

మూడోది ఆచారం. ఏ ముక్కని ఎవరు పట్టించుకుంటారన్నది ఊరూరికీ, ఇంటింటికీ మారుతుంది. మీరూ మామీ పోట్లాడుకుంటే (పోట్లాడుకోరనుకోండి) అది ఆకాశం గురించి కాదు, ఈ మూడోదాని గురించే.

ముందు మామగారి తద్దినం చూద్దాం. ముహూర్తం ఎటైనా సర్దుకోవచ్చు, ఇది తేల్చుకోవాల్సిన విషయం.

'సప్తమి రా.10.15' అంటే సప్తమి రాత్రి పదీ పదిహేను వరకే ఉంది, ఆ తరవాత అష్టమి అని అర్థం. పంచాంగంలో ఆ రోజుకి సప్తమి అని పేరు పెట్టింది, ఆ పొద్దున సూర్యుడు పొడిచే వేళకి సప్తమి ఉంది కాబట్టి. మామగారు పోయింది 2.40కి, అంటే సప్తమి వెళ్లిపోయిన నాలుగున్నర గంటల తరవాత. అప్పటికి నడుస్తున్నది అష్టమి. మీ ఇంట్లో వారాన్నీ తిథినీ ఒకే గాటన కట్టేశారు. వారం సంగతి అయితే మీవాళ్లు అనుకున్నదే సరి. తెల్లవారలేదు కాబట్టి ముందు రోజు వారమే. డెత్ సర్టిఫికెట్‌లో మాత్రం మర్నాటి తేదీ ఉంటుంది, ఎందుకంటే ఆఫీసులకి అర్ధరాత్రితో రోజు మారిపోతుంది. తిథి అలా సూర్యోదయం కోసం కాచుకుని కూర్చోదు. ఆ నిమిషానికి ఏది ఉంటే అదే. యాప్ చెప్పింది నిజం.

ఇలాంటి పొరపాటు మా ఇంట్లోనూ జరిగింది. మా నాన్నగారి రెండో ఆబ్దికానికి నేనే తిథి చూసి తమ్ముడికి ఫోన్ చేశాను. పంచాంగంలో 'రా.తె.' అని ఉన్నదాన్ని రాత్రి అనుకున్నాను. 'రా.తె.4.10' అంటే రాత్రి తెల్లవారుజామున, మర్నాడు సూర్యుడు రాకముందు 4.10 అన్నమాట. దాంతో లెక్క ఒకరోజు తప్పింది. బ్రాహ్మలకి చెప్పేశాక తమ్ముడే చూసి సరిచేశాడు. ఇప్పుడు యాప్‌లలో ఇదే టైముని కొన్నిచోట్ల 28.10 అని వేస్తున్నారు. అది అచ్చుతప్పు కాదు, అందులోంచి 24 తీసెయ్యాలి. వర్జ్యం దగ్గర 'ప.12.10 ల 1.48 వ' అని కనిపిస్తే, 'ల' అంటే లగాయతు, అంటే నుంచి. 'వ' అంటే వరకు. ఈ పొట్టి అక్షరాలు అర్థమైతే గంటల పంచాంగం బస్సుల టైంటేబుల్ కన్నా సులువు.

సరే, అష్టమి అని తేలింది. ఏటా బహుళ అష్టమి ఏ తేదీన పెట్టాలి? ఇక్కడ ఇంకో మడతపేచీ ఉంది. సూర్యోదయానికి అష్టమి ఉన్న రోజని క్యాలెండర్ చూసి తేల్చెయ్యకూడదు. తద్దినానికి కావలసింది అపరాహ్ణం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. చెన్నైలో కార్తీక మాసంలో సూర్యోదయం సుమారు ఆరుంబావుకి, అస్తమయం అయిదూ నలభైకి అనుకోండి. పగలు 11 గంటల 25 నిమిషాలు. అయిదో వంతు 2 గంటల 17 నిమిషాలు. మూడు భాగాలు గడిచేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా ఆరు నిమిషాలు. అక్కడి నుంచి మూడూ ఇరవై మూడు దాకా అపరాహ్ణం. ఆ వేళకి అష్టమి ఏ రోజున ఉంటే తద్దినం ఆ రోజున. తగులు మిగులు వచ్చి రెండు రోజులూ కొంత కొంత ఉంటే, ఎక్కువసేపు ఏ రోజుంటే ఆ రోజు. అందుకే ఒక్కో ఏడు క్యాలెండర్లో 'సప్తమి' అని రాసి ఉన్న రోజే మీకు అష్టమి తద్దినం రావచ్చు. అప్పుడు మళ్లీ కంగారుపడకండి. ఇన్నేళ్లూ సప్తమికి పెట్టారే, అదేమవుతుందని కూడా బాధపడకండి. తెలియక చేసింది. పంచాంగంలో ఆనాటి పేజీ ఫొటో తీసి, పోయిన టైముతో సహా మీ పురోహితుడికి పంపించి, "అష్టమే కదండీ" అని ఒక్కమాట అనిపించుకుని, ఈ కార్తీకం నుంచి మార్చేసుకోండి.

పండగల్లో కూడా ఇంతే. "ఒకరు ఇవాళంటారు, ఒకరు రేపంటారు, హిందువుల పండగలకి దిక్కూదివాణం లేదు" అని వాట్సాప్‌లో వాపోయేవాళ్లు ఏటా కనిపిస్తారు. దిక్కు ఉంది. పండగ పండగకీ దాని వేళ దానికుంది. శ్రీరామనవమికీ వినాయక చవితికీ మధ్యాహ్నం తిథి ఉండాలి. శివరాత్రికి నడిరాత్రి. దీపావళికి పొద్దుగుంకే వేళ అమావాస్య కావాలి. 2024లో అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం నాలుగు కావస్తుండగా మొదలై, నవంబరు 1 సాయంత్రం ఆరుంబావు దాకా ఉంది. అంటే రెండు సాయంత్రాలూ అమావాస్యే. అందుకే దేశంలో కొందరు ముందు రోజు, కొందరు మర్నాడు చేసుకున్నారు. మన వైపు 31నే. ఇక్కడి తమిళుల దీపావళి అసలు సాయంత్రానిది కాదు, తెల్లవారుజామున నూనె రాసుకుని తలంటుకునే చతుర్దశిది. ఆ ఏడు రెండూ ఒకే తేదీన పడ్డాయి కాబట్టి మా వీధిలో గొడవ రాలేదు.

ఈ ఏడాది ఉగాది ఇంకా తమాషా. మార్చి 19 పొద్దున 6.52కి అమావాస్య పోయి పాడ్యమి వచ్చింది. అప్పటికే చెన్నైలో సూర్యుడు పొడిచి నలభై నిమిషాలయింది. ఆ పాడ్యమి 20వ తేదీ తెల్లవారుజామున 4.52కే వెళ్లిపోయింది, మళ్లీ సూర్యోదయం కాకుండానే. రెండు సూర్యోదయాల మధ్యనే వచ్చిపోయింది, ఏ సూర్యోదయాన్నీ ముట్టుకోలేదు. దీన్నే క్షయ తిథి అంటారు. పరాభవ నామ సంవత్సరాన్ని అలా పొద్దుటి అమావాస్య తరవాత 19నే ఆహ్వానించాం. మా ఇంట్లో ఏడు గంటలయ్యేదాకా పచ్చడి ముట్టుకోనివ్వలేదు నేను. మనవడు గడియారం ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

ఇక మీ సోమవారం 7.50.

రాహుకాలం లెక్క చాలా తేలిక. పగటిని ఎనిమిది భాగాలు చేస్తారు. సోమవారం రెండో భాగం, శనివారం మూడోది, శుక్రవారం నాలుగు, బుధవారం అయిదు, గురువారం ఆరు, మంగళవారం ఏడు, ఆదివారం ఎనిమిది. ఆరింటికి సూర్యుడొచ్చి ఆరింటికి పోతాడనుకుంటే ఒక్కో భాగం గంటన్నర. మామి నోటికి చెప్పిన ఏడున్నర–తొమ్మిది అదే. నిజానికి సూర్యుడు అలా గడియారం చూసుకుని రాడు. చెన్నైలో ఆగస్టు చివర్లో సూర్యోదయం 5.58 ప్రాంతం, అస్తమయం 6.22. అప్పుడు సోమవారం రాహుకాలం 7.31 నుంచి 9.04. ఇది పెద్ద తేడా కాదు కానీ, డిసెంబరు చివర్లో ఇదే లెక్క కడితే ఏడూ యాభై నుంచి తొమ్మిదింబావు దాకా వస్తుంది. ఏ రకంగా చూసినా మీ 7.50 రాహుకాలంలోనే ఉంది. మామి తప్పు చెప్పలేదు.

మరి ఒంగోలు పురోహితుడికి అది తెలియదా? తెలుసు. ఆయన చూసే వరుస వేరు. మీ దంపతుల నక్షత్రాలకి తారాబలం, చంద్రబలం (ఆనాటి నక్షత్రం, చంద్రుడు మీకు అనుకూలమా అని), ఆ తరవాత లగ్నం (ఆ వేళకి తూర్పున ఉదయించే రాశి), దానికి శుద్ధి, వర్జ్యం లేకుండా, దుర్ముహూర్తం లేకుండా – మన వైపు ముహూర్తాలు పెట్టేది ఇలా. లగ్నం బలంగా ఉంటే రాహుకాలాన్ని పెద్దగా లెక్కచెయ్యని పురోహితులు ఆంధ్రలో చాలామంది ఉన్నారు. పెళ్లిళ్లే జరిగిపోతుంటాయి. తమిళనాట, కన్నడ దేశంలో సంగతి వేరు. ఇక్కడ ఆటో కొన్నా, కొత్త రిజిస్టరు తెరిచినా ముందు రాహుకాలం చూస్తారు. అదే మామిని వర్జ్యం గురించి అడగండి, "అదేంటమ్మా?" అంటారు. ఆవిడ గోడమీది కాయితంలో రాహుకాలం, ఎమగండం (మన యమగండం), కుళిగై (గుళిక) ఉంటాయి. మీ అత్తగారి పంచాంగంలో వర్జ్యం, దుర్ముహూర్తం, అమృత ఘడియలు ఉంటాయి. ఎవరి భయాలు వాళ్లవి అనను కానీ, ఎవరి జాగ్రత్తలు వాళ్లవి.

ఈ రెండు ఊళ్ల జాగ్రత్తలూ కలిపి మీరొక్కరే మోద్దామనుకుంటే ఏమవుతుందో సోమవారం మీదే చూడండి. ఆరింటికి ఆరింటి లెక్కే వేస్తాను. 7.30 నుంచి 9 రాహుకాలం. 10.30 నుంచి 12 యమగండం. 12.24 నుంచి 1.12 దుర్ముహూర్తం. 1.30 నుంచి 3 గుళిక. 2.48 నుంచి 3.36 రెండో దుర్ముహూర్తం. పన్నెండు గంటల పగటిలో చేతికి మిగిలేది ఆరు గంటల ఆరు నిమిషాలు. అందులో మధ్యాహ్నం ఒక ఇరవై నాలుగు నిమిషాలు, ఒక పద్దెనిమిది నిమిషాలు ముక్కలుగా ఉన్నాయి. వాటిలో కాఫీ తాగొచ్చు. ఇవి పోగా వర్జ్యం ఒకటి వచ్చి గంటన్నర తినెయ్యొచ్చు. ఇన్ని చూసుకుంటే ఇల్లు కట్టినవాడి వారంటీ అయిపోతుంది గానీ పాలు పొంగవు.

వర్జ్యం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. అది పగటి ముక్క కాదు, నక్షత్రం ముక్క. ఒక్కో నక్షత్రానికి మొదలైన ఇన్ని గడియలకని లెక్క ఉంది. రోహిణికి నలభై గడియల తరవాత నాలుగు గడియలు. గడియంటే 24 నిమిషాలు. రోహిణి పొద్దున ఆరింటికి వచ్చి సరిగ్గా ఇరవై నాలుగు గంటలు ఉంటే, రాత్రి పదింటి నుంచి 11.36 దాకా వర్జ్యం. నక్షత్రం సాగితే ఇదీ సాగుతుంది. ఇది చంద్రుడి కొలత కాబట్టి ఒంగోలులో ఎప్పుడో చెన్నైలోనూ అప్పుడే. యాప్‌కీ పంచాంగానికీ వర్జ్యంలో తేడా వస్తే ఊరి వల్ల అనుకోకండి, గణితం వేరని అర్థం.

గణితం వేరు కావడమేమిటంటారా? ఇక్కడ వాక్య పంచాంగం, దృక్ పంచాంగం అని రెండున్నాయి. దృక్ అంటే ఆకాశంలో కనపడేదానికి సరిపోయేలా కట్టిన లెక్క, తమిళంలో తిరుక్కణితం అంటారు. వాక్యం అంటే పాత కాలం నాటి పట్టికలు. అంకెల్ని అక్షరాల్లోకి మార్చి, వాక్యాలుగా బట్టీపట్టిన లెక్క. దాని తాకత్తు తక్కువేమీ కాదు. 1825లో జాన్ వారెన్ అనే అధికారికి పుదుచ్చేరిలో ఒక తమిళ గణకుడు కాయితం, కలం లేకుండా నేలమీద గవ్వలు పేర్చుకుంటూ, నోటికి వచ్చిన వాక్యాలతో చంద్రగ్రహణం లెక్కకట్టి చూపించాడు. మొదలయ్యే వేళ నాలుగు నిమిషాల తేడాతో సరిపోయింది. ముగిసే వేళ మాత్రం దాదాపు గంట తప్పింది. ఆ గవ్వల లెక్కకి దణ్ణం పెట్టాలి, ఆ గంట తేడాని ఒప్పుకోనూ వలసిందే. కొన్ని శతాబ్దాల కిందటి పట్టికలు ఆకాశానికి కొంచెం కొంచెంగా దూరం జరుగుతాయి. చూసి సరిచేసుకోవాలని పోరాడినవాడు ఈ ఊళ్లోనే ఉండేవాడు. నుంగంబాక్కంలోని మద్రాసు నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి. 1867లో వెలుగు హెచ్చుతగ్గులయ్యే ఒక నక్షత్రాన్ని కనిపెట్టిన మనిషి. దుర్భిణిలో కనపడేదానికి తగ్గట్టు పంచాంగాన్ని దిద్దాలని దృగ్గణిత పంచాంగం వేశాడు. ఆ నక్షత్రశాల తాలూకు రాతి స్తంభం ఇప్పటికీ కాలేజీ రోడ్డులోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దానిమీద తెలుగు అక్షరాలూ చెక్కి ఉన్నాయి.

అయినా వాక్యం పోలేదు. ఇక్కడ చాలా గుళ్లు ఇప్పటికీ దాన్నే పాటిస్తాయి. శనీశ్వరుడు మీనంలోకి 2025 మార్చి 29న వెళ్లాడని దృక్ పంచాంగాలన్నీ వేశాయి. శనీశ్వరుడి క్షేత్రమైన తిరునళ్లారు గుడివాళ్లు మాత్రం తమది వాక్య పంచాంగమని, తమ లెక్కకి ఆ మార్పు 2026లోనేనని చెప్పారు. తిథుల్లో ఈ తేడా గంటల్లో ఉంటుంది. మీ గోడమీది క్యాలెండర్ ఏ గణితమో దానిమీదే చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి. నన్నడిగితే తిథికీ నక్షత్రానికీ దృక్ గణితమే వాడుకోండి. గ్రహణం చెప్పిన నిమిషానికి పడుతోందంటే ఆ లెక్కతోనే. కేంద్ర ప్రభుత్వం కలకత్తా నుంచి వేసే రాష్ట్రీయ పంచాంగం తెలుగులోనూ వస్తుంది, సందేహం వస్తే దాన్ని తిరగెయ్యండి.

మళ్లీ మీ ముహూర్తానికి. అత్తగారికి ఫోన్ చేసి "మీ పురోహితుడు రాహుకాలంలో పెట్టాడు" అనకండి. ఆ మాటతో పని చెడుతుంది. నేరుగా పురోహితుడికే చెయ్యండి. "అయ్యా, మేముండేది చెన్నైలో, వచ్చేవాళ్లలో సగంమంది తమిళులు, రాహుకాలం తగలకుండా ఒక సమయం చూడగలరా? ఉదయం ఏడున్నర లోపైనా సరే, తెల్లవారుజామునైనా సరే" అని అడగండి. ఈ ఊరి తెలుగువాళ్లు ఆయనకి ఇలా చెప్పడం మొదటిసారి అయి ఉండదు. అదే సోమవారం కాస్త ముందు లగ్నమో, శ్రావణంలో ఇంకో రోజో దొరుకుతుంది. ఒకవేళ ఆయన "మీ ఇద్దరి నక్షత్రాలకీ ఇదే బలమైనది, రాహుకాలం దోషం కాదు" అని గట్టిగా అంటే, నేనైతే ఆయన మాటే వింటాను. మామికి కూడా అదే చెబుతాను, "మాకు లగ్నం ప్రధానమండీ" అని. ఆవిడ వింటారు. ఆచారం మనిషికి ఆచారం అర్థమవుతుంది.

లెక్క మాత్రం చెన్నైకి వేయించుకోండి. మనం సంకల్పం చెప్పుకునేటప్పుడు గమనించారా? సంవత్సరం, మాసం, తిథి, వారం ఇవన్నీ రాకముందే 'శ్రీశైలస్య ఆగ్నేయ ప్రదేశే' అని చోటు వస్తుంది. నువ్వెక్కడ నిలబడి ఉన్నావో చెప్పాకే ఏ వేళో చెప్పాలి. ఒంగోలు, చెన్నై దాదాపు ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కాబట్టి మీకు నాలుగైదు నిమిషాలకి మించి తేడా రాదు. అదే బెంగళూరు అయితే సూర్యుడు మనకన్నా పది నిమిషాలు ఆలస్యంగా వస్తాడు. 1906కి ముందు మద్రాసుకి తనదైన గడియారం ఉండేది, ఇప్పటి దేశపు టైముకన్నా ఎనిమిది నిమిషాల నలభై ఆరు సెకన్లు వెనక. ఆ తేడా ఇప్పటికీ ఉంది, గడియారంలోనే కనపడదు. ఇక్కడ నడి మధ్యాహ్నం పన్నెండింటికి కాదు, సగటున పన్నెండూ తొమ్మిదికి. ఈ ఊరి అభిజిత్తు కూడా అందుకే 11.36కి కాకుండా కాస్త జరిగి ఉంటుంది.

మామి ఇంకో అభ్యంతరం చెప్పలేదంటే, ఈ ఏడు మీ అదృష్టం. కిందటేడు శ్రావణం జూలై 25నే వచ్చేసింది. తమిళులకి ఆగస్టు మధ్య దాకా ఆడి మాసం, అందులో గృహప్రవేశం చెయ్యరు. మనకి శుభమాసం, వాళ్లకి కూడని మాసం, రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఎందుకంటే మన నెలలు చంద్రుడివి, వాళ్లవి సూర్యుడివి. చంద్రుడి ఏడాది పదకొండు రోజులు చిన్నది. అలా వెనకబడ్డ రోజులు పోగైనప్పుడు సూర్యుడు రాశి మారని నెల ఒకటి వస్తుంది. అదే అధిక మాసం. ఈ ఏడు మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం వచ్చింది కదా, అది మన ఆషాఢాన్ని మూడు వారాలు ముందుకి తోసి తమిళుల ఆడి పక్కన కూర్చోబెట్టింది. మన శ్రావణం ఆగస్టు 13న మొదలయ్యేసరికి వాళ్ల ఆడి కూడా ముగింపుకి వచ్చేస్తుంది. మీ సోమవారానికి ఆ అడ్డు లేదు.

మీవారు ఆదివారం అన్నారని కోప్పడకండి. ఆయన మాటలో లౌక్యం ఉంది. పురోహితుణ్ణి అడిగేటప్పుడు ఆ మాట కూడా చెవిన వెయ్యండి, ఆదివారం కుదురుతుందేమోనని. గృహప్రవేశానికి చాలామంది ఆది, మంగళవారాలు వద్దంటారు. ఈయన ఒప్పుకుంటే సరే, లేకపోతే మీవారు ఒకపూట సెలవు పెడతారు. వర్జ్యం, రాహుకాలం అన్నవి శుభకార్యం మనమే ఎంచుకుని మొదలుపెట్టేటప్పటి మాటలు. ఆస్పత్రికి వెళ్లాలంటే, పరీక్షకి వెళ్లాలంటే, రైలు టైమైతే పంచాంగం మూసెయ్యండి. మా నాన్నగారు రోజూ పంచాంగం చూసే మనిషే. అమ్మకి ఆయాసం వచ్చిన రాత్రి మాత్రం దాని వంకే చూడలేదు, చెప్పులు కూడా వేసుకోకుండా డాక్టరింటికి పరుగెత్తారు.

రెండు చిన్న పనులు మిగిలాయి. యాప్‌లో ఊరు ఏదని ఉందో చూడండి. చాలామంది ఫోన్లలో అది ఢిల్లీ అనో ఉజ్జయిని అనో ఉండిపోతుంది. చెన్నై అని మార్చుకుంటే సూర్యోదయంతో పాటు రాహుకాలం, దుర్ముహూర్తం కూడా దారికొస్తాయి. ఇంకోటి, కొత్త ఫ్లాట్లలో పొగకి మోగే అలారాలు ఉంటున్నాయి. హోమం చేయిస్తారేమో, అసోసియేషన్ వాళ్లకి ముందు రోజే చెప్పి పెట్టండి. మా చెల్లెలి గృహప్రవేశంలో సరిగ్గా ముహూర్తానికి అది మోగి, పురోహితుడు మంత్రం ఆపి పైకి చూశాడు.